రెండో హట్

హట్. అంతే కదా. దగ్గితే వచ్చేంత మాట. అందులో అర్థమూ లేదు, అందమూ లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముందు వరసలో వంగి ఉన్న అయిదుగురు ఆ మాట కోసం ఊపిరి బిగబట్టుకుని ఉంటారు, అది వినపడగానే మధ్యలో ఉన్న విలి కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు, అది ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ చేతుల్లో పడుతుంది, అక్కణ్ణుంచే ఆట. ఆ మాట కన్నా ముందు మనవాళ్ళలో ఎవడి మడమ కదిలినా పసుపు జెండా పడుతుంది, అయిదు గజాలు వెనక్కి పోవాలి. ఎదుటివాళ్ళు ముందే బంతి గీత దాటొస్తే తప్పు వాళ్ళది, ఆ అయిదూ మనకే వస్తాయి. మొదటి హట్ ఉత్తుత్తిది, రెండో హట్ మీద బంతి కదలాలి అని ముందే చెప్పుకుంటారు. పిల్లలు వీధిలో ఆడుకునేటప్పుడు కూడా ఇంతే. అటువంటి మాట అనడానికి ముప్పై నాలుగేళ్ళ వెండెల్ ప్రూయిట్ తన బీరువా ముందు బల్ల మీద కూర్చుని, నోట్లో తేనె బిళ్ళ చప్పరిస్తూ, గొంతు సవరించుకుంటూ, మళ్ళీ సవరించుకుంటూ, ఎదురు గోడ మీద ఎర్రటి అంకెలు వెనక్కి వెనక్కి నడవడం చూస్తున్నాడు. నలభై ఒక్క నిమిషాలు. నలభై నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. తొమ్మిదేళ్ళ నుంచి గీత బయట నిలబడ్డవాడు ఈ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మొదటిసారి, మొదటి బంతి నుంచే గీత దాటి ఆడబోతున్నాడు. ఎలా విసరాలో తెలుసు. ఎటు చూడాలో తెలుసు. పుస్తకమంతా కంఠతా వచ్చు. ఎటొచ్చీ ఆ ఒక్క మాట ఎవరి గొంతుతో అనాలో తెలియడం లేదు. విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వరు మరీ!

గురువారం అయితే నవ్వలేదు. గురువారం సాధనలో తన ఖర్మ కాలి తన గొంతుతో పిలిచాడు, లేదా తన గొంతనుకుని పిలిచాడు, అంతే, ఎడమ పక్క ఇద్దరు బంతి కదలకముందే దూకేశారు, ఒకడు మొహం బోర్లా పడ్డాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ దూకారు. కోచ్ హార్టిగన్ ఈల ఊది, టోపీ తీసి, తల గోక్కుని, అందరూ వినేట్టు అన్నాడు, "ఏమయ్యా వెండెల్, వీళ్ళ చెవులు నాలుగేళ్ళుగా టెరెల్ పిలుపుకి అలవాటు పడ్డాయి. ఒక్క వారంలో నీ కోసం కొత్త చెవులు ఎక్కణ్ణుంచి తేను? టెరెల్‌లా పిలువు. నీకు వచ్చుగా. మనూళ్ళో, మనవాళ్ళ ముందు, మనవాడు ఒక్కడు ముందే దూకాడా, నిన్ను తీసేసి మూడోవాణ్ణి దింపేస్తా, తర్వాత నన్ను అనుకోవద్దు." వచ్చు. ఎందుకు రాదు. అదేగా తన ఉద్యోగం. వచ్చే ఆదివారం ఎవరితో ఆటో, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌గా తను వారమంతా నటించాలి, తనవాళ్ళు తన మీద సాధన చేసుకోవాలి. ఒక వారం కుంటుతూ పరుగెత్తేవాడు, ఒక వారం ఎడమచేతి వాటం వాడు, ఒక వారం ప్రతి పిలుపుకీ ముందు కాలు నేలకేసి రాసేవాడు. నడక, చూపు, భుజం విరుపు, గొంతు, అచ్చు గుద్దినట్టు దించేస్తాడు. అందుకే జట్టులో అతన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జిరాక్స్. "జిరాక్సూ, ఉప్పు అందుకో." "ఒరే, జిరాక్సుని అడగండ్రా, వాడికి తెలుస్తుంది." మొదట్లో నవ్వొచ్చేది. మెచ్చుకోలు అనుకున్నాడు కూడా. బుధవారం టెరెల్‌కి ఆరోగ్యం బాగా లేకపోతే ఆ రోజు టెరెల్, మామూలు రోజుల్లో ఎదుటివాడు, ఆదివారం చేతిలో ఆట పేర్లు రాసిన పలక పట్టుకుని గీత బయట నిలబడ్డ టోపీ. తన కోసం మిగిలిన రోజు సోమవారం. సోమవారం సెలవు.

"ఏరా జిరాక్సూ, తిన్నావా?" టెరెల్ గేజ్ వచ్చి పక్కన కూలబడ్డాడు. కుడిచేతి బొటనవేలికి తెల్లటి కట్టు, ఎడమచేతిలో అరటిపండు. పోయిన ఆదివారం ఆట ఆఖర్లో ఎవడి హెల్మెట్టుకో తగిలి ఎముక విరిగింది, ఆరు వారాలు అన్నారు. నిజానికి మంచివాడు టెరెల్. గొప్పవాడినన్న పొగరు లేదు, పిల్లల పుట్టినరోజులకి పిలుస్తాడు, పొట్లం కట్టి కేకు ఇంటికిస్తాడు. "తిన్నాను" అన్నాడు వెండెల్. తినలేదు. "కంగారు పడకు. నాలుగేళ్ళుగా నా పక్కన నిలబడి నన్ను చూసినవాడివి. కళ్ళు మూసుకుని నాలాగే ఆడేసెయ్. ఎవడికీ తేడా తెలియదురా." భుజం మీద తట్టి లేచి వెళ్ళిపోయాడు, అరటి తొక్క బల్ల మీద వదిలేసి. ధైర్యం చెప్పాననుకున్నాడు పాపం. ఎవడికీ తేడా తెలియదు. ఆ మాట తలకెక్కేసరికి తేనె బిళ్ళ చేదుగా తోచింది. తెలియకపోతే ఎందుకు ఆడటం? తెలియకపోతే రేపు ఎవరైనా, ఆ ఆదివారం టెరెల్ బానే ఆడాడే అనుకుంటారు. మంగళవారం కొత్తవాడు విమానం దిగుతాడు. పేరున్నవాడు, పత్రికలవాళ్ళు అప్పుడే రాసేశారు. పుస్తకం బట్టీ పట్టేందుకు వాడికి ఒక వారం కావాలి కాబట్టి ఈ ఆదివారం ఖాళీ పడింది, ఖాళీ పడింది కాబట్టి వెండెల్. తర్వాత మళ్ళీ టోపీ, పలక. ఇంకో ఏడాదో, రెండేళ్ళో. ఈ ఒక్క మధ్యాహ్నమే తనది. దాన్ని కూడా ఎరువు తెచ్చుకున్న గొంతుతోనే గడిపెయ్యాలా? ఎరువు సొమ్ము బరువు చేటంటారు. తొమ్మిదేళ్ళు మోశాడు, ఎంత బరువో ఇవాళ తెలుస్తోంది.

ఎవరూ? అనేది కార్లా. మొదట్లో సరదాకే. తను ఇంటికొచ్చి తలుపు కొట్టి ఏ జట్టువాడి గొంతుతోనో "కార్లా, నేనే" అంటే లోపలి నుంచి నవ్వుతూ, ఎవరూ, అనేది. ఇంకో గొంతుతో, నేనేనమ్మా. ఎవరూ? మూడో గొంతు. పొట్ట పట్టుకుని నవ్వుతూ తలుపు తీసేది. అలా రెండేళ్ళు. ఆ తర్వాత ఎప్పుడో, ఫలానా రోజని చెప్పలేడు, పాలు విరిగినట్టు విరిగింది ఆ సరదా. ఒక రోజు తలుపు తీసి నవ్వకుండా నిలబడి, "వెండెల్, నిజంగా అడుగుతున్నా, ఎవరు నువ్వు? నిద్రలో ఎవరి గొంతుతోనో అంకెలు పిలుస్తావు. భోజనం దగ్గర ఎవడిలాగో భుజం విరుస్తావు. పెళ్ళి ఎవరిని చేసుకున్నానో నాకే గుర్తు రావడం లేదు" అంది. అప్పుడైనా తిన్నగా ఒక మాట అనాల్సింది. బుర్ర తక్కువ వెధవ, ఏం చేశాడు? నవ్విద్దామని ఆ వారం ఎదుటి జట్టువాడి గొంతుతో, "నేనేనండీ" అన్నాడు. ఆవిడ ఇప్పుడు డెన్వర్‌లో ఉంది, పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తోంది, వేరే అతన్ని చేసుకుంది, బాగుందని విన్నాడు. బాగుండాలి. శనివారం ఫోను చెయ్యాలనిపించింది, ఆదివారం నేనే ఆడుతున్నా అని చెప్పాలనిపించింది. నంబరు తెరిచాడు. ఆవిడ ఎత్తి, ఎవరూ, అంటే? మూసేశాడు.

ఇరవై తొమ్మిది నిమిషాలు. పక్కగదిలో ఎవరో పాట పెట్టారు, ఎవరో ఆపారు, మోచేతులకి అంటించే పట్టీల వాసన, తడి బూట్ల వాసన, కాఫీ. పై నుంచి జనం అడుగుల చప్పుడు, పైకప్పు మీద వాన పడుతున్నట్టు. బయట మంచు రాలుతోంది, సరస్సు మీది గాలి టొలీడో ఊరంతటినీ పొద్దున్నుంచీ కోసేస్తోంది, అయినా వచ్చారు, డెబ్బై వేలమంది. ఆటగాళ్ళకి ఒక్కొక్కరికీ రెండు టికెట్లు ఇస్తారు, అయినవాళ్ళ కోసం. తొమ్మిదేళ్ళుగా వెండెల్ టికెట్లు ఎవరికో ఒకరికి పోతూనే ఉన్నాయి. నాలుగేళ్ళుగా విలి మేనత్తలకి. టోంగా దీవుల నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది, ఇద్దరూ ఇద్దరే, ఒక్కొక్కరూ రెండు కుర్చీల పెట్టు, ఒళ్ళో వేయించిన పంది మాంసం డబ్బా పెట్టుకుని ఆటయ్యేదాకా కేకలే. అతని పేరు ఆ అత్తలకి తెలియదు. వాళ్ళకి అతను టికెట్ల బాబు. "టికెట్ల బాబూ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి, పెళ్ళాం లేదుటగా, మా చెల్లెలి కూతురుంది" అని ఆట అయ్యాక బస్సు దగ్గర బుగ్గలు పట్టుకుంటారు. పొద్దున టికెట్ల కిటికీ దగ్గర అమ్మాయి, "ఇవాళ మీరే ఆడుతున్నారుగా సార్, మీవాళ్ళ పేర్లు చెప్పండి" అంది. కాసేపు నిజంగానే ఆలోచించాడు. నాన్న పోయాడు. అమ్మ అంతకన్నా ముందు. "ఎప్పుడూ వచ్చేవాళ్ళే" అన్నాడు.

ఆ తర్వాతే ఎమ్మెట్ కనపడ్డాడు. అదే లోపల ముల్లులా దిగింది పొద్దున్నుంచీ. చేతులు వేడెక్కించుకోవడానికి ఖాళీ మైదానంలోకి వెళ్ళేసరికి అవతలి సగంలో ఎమ్మెట్ సాలజార్, ఇవాళ ఆడబోయే లూయివిల్ జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్, వాడిదీ ఇదే బతుకు. రెండోవాళ్ళందరికీ ఒకళ్ళనొకళ్ళు తెలుసు, బదిలీల మీద తిరిగే గుమాస్తాల్లా ఏదో ఒక ఊళ్ళో ఎప్పుడో ఒకప్పుడు ఒకే గదిలో ఉండి ఉంటారు. ఎమ్మెట్ దగ్గరికొచ్చి గుండెకి గుండె ఆనించి, "గురూ, నీ పుణ్యమా అని ఈ వారం నా తల ప్రాణం తోకకొచ్చింది" అన్నాడు. ఎందుకు? "ఎందుకేమిటి, ఈ వారం నేను నువ్వే కదా. మావాళ్ళ కోసం వెండెల్ ప్రూయిట్‌ని చెయ్యమన్నారు. సరే అని నీ ఆటల వీడియోలన్నీ తెప్పించుకుని కూర్చున్నా. ఎండాకాలం ఆటలు, సాధన ఆటలు, పోయిన వారం ఆఖరి మూడు నిమిషాలు, అన్నీ. కళ్ళు కాయలు కాశాయి. ఒక్కదాంట్లో నువ్వు లేవు గురూ! అంతా టెరెలే. నడక టెరెల్, గొంతు టెరెల్." వెండెల్ నవ్వాడు, నవ్వాలి కాబట్టి. మరేం చేశావ్? "ఏం చేస్తాను, నేనూ టెరెల్నే చేశాను. అసలు వెతికితే దొరక్కపోతే జిరాక్సుకి జిరాక్సు తీశాను." ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఎమ్మెట్ వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, నవ్వు ఆపేసి, "మంచి రోజు గురూ. మన రెండోవాళ్ళందరి తరఫునా బాగా ఆడు. మరీ బాగా ఆడకు" అన్నాడు.

ఒక్కదాంట్లో నువ్వు లేవు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ భూమ్మీద ఒక మనిషి తనని దించడానికి కూర్చున్నాడు, అదే పనిగా, జీతం తీసుకుని, రాత్రీ పగలూ వెతికాడు, దొరకలేదు. అమ్మా నాన్నా లేకపోవడం ఒక ఒంటరితనం, పెళ్ళాం వెళ్ళిపోవడం ఇంకొకటి, వాటికి పేర్లున్నాయి, నలుగురూ అయ్యో అంటారు. దీనికేం పేరు పెట్టాలి? ఇల్లంతా వెతికి, ఇంట్లో ఎవరూ లేరండీ అని పొరుగువాడు వచ్చి చెబితే, ఆ ఇల్లు మనదే అయితే? గొంతు మళ్ళీ సవరించుకున్నాడు. హట్. నోట్లోనే. టెరెల్ వచ్చాడు. హట్. కుంటివాడు వచ్చాడు. హట్. ఎడమచేతి వాడు. అందరూ వరసగా వస్తున్నారు, పిలవని పేరంటానికి, ఒక్కడు తప్ప.

నాన్న అయితే చెప్పేవాడు. లైల్ ప్రూయిట్, నెబ్రాస్కాలో ధాన్యపు గాదెల దగ్గర పని, వారమంతా దుమ్ము మింగి శనివారానికి గొంతు బొంగురుపోయి ఉండేది, అయినా శనివారం సాయంత్రం రైతుల హాల్లో నాట్యాలకి పిలుపులిచ్చేది ఆయనే. నాలుగు జంటలు నలుచదరంగా నిలబడితే ఈయన బల్ల మీద నిలబడి, చెయ్యి మార్చు, తిరుగు, జత మార్చు, అని పాటలా పిలిచేవాడు, ఆ పిలుపు మీద ఎనిమిది మందీ ఒకేసారి కదిలేవాళ్ళు. ఎంత బాగుండేదో. పదేళ్ళప్పుడు ఒకసారి తను బల్లెక్కి నాన్న గొంతుతో పిలిచాడు, అదే బొంగురు, అదే సాగదీత. హాలు పగిలిపోయేట్టు నవ్వారు. కానీ జనం ఆడలేకపోయారు, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుని, మిసెస్ యాంకే అనే ముసలావిడ కింద పడబోయింది. ఇంటికెళ్ళే దారిలో బండి నడుపుతూ నాన్న కోప్పడలేదు. "గొంతు బానే దించావురా. పిలుపు దించలేదు" అన్నాడు. అదేంటి నాన్నా? "పిలుపు నోట్లో ఉండదు. వాళ్ళ కాళ్ళలో ఉంటుంది. నువ్వు వాళ్ళ కాళ్ళు చూశావా? చూళ్ళేదు. జనం నవ్వుతున్నారా లేదా అని మొహాలు చూశావు. మిసెస్ యాంకే రెండో కాలు ఆనేదాకా నేనెప్పుడూ నోరు తెరవను. ఆవిడ ఆనాక పిలిస్తే ఎవరి గొంతయినా ఒకటే." అప్పుడు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాడు. నాన్న పోయిన రోజు కూడా తను ఎక్కడో సాధనలో ఎవడిలాగో కుంటుతున్నాడు, సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు, ఆ కుంటి నడకతోనే ఫోను దగ్గరికి వెళ్ళాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు.

"అన్నా, జరుగు." విలి వచ్చి కూర్చున్నాడు, బల్ల కిర్రుమంది. మూడు వందల పౌండ్ల మనిషి, వేళ్ళకి పట్టీలు చుట్టుకుంటూ పసిపిల్లాడిలా నాలుక బయట పెడతాడు. బంతిని అందించేవాడు వీడు. వీడి చెవిలో పడేదే పిలుపు.

"విలీ. ఇవాళ టెరెల్ గొంతు వద్దనుకుంటున్నా."

"మరెవరిది?"

"నాది."

విలి పట్టీ చుట్టడం ఆపాడు. "అదెలా ఉంటుందన్నా?"

"గురువారం విన్నావుగా. ఇద్దరు ముందే దూకేశారు."

"అది నీదెక్కడిది! అది భయపడ్డ టెరెల్‌ది." విలి తన పని తను మళ్ళీ మొదలుపెట్టాడు. "సగం టెరెల్, సగం ఎవడో. అందుకే మావాళ్ళు గంగవెర్రులెత్తిపోయారు. ఒకటో రకంగా పిలువు, లేదా రెండో రకంగా పిలువు. సగం సగం పిలిస్తే ఎవడైనా దూకుతాడు. కోచ్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. కాళ్ళ సందులోంచి నాకు నువ్వు తలకిందులుగా కనపడతావు. మూతి కూడా కనపడదు. గొంతొక్కటే. అది ఎవరిదైనా నాకు పరవాలేదు గానీ అన్నా, అక్కడ ఎవడో ఒకడు ఉండాలి." పంటితో పట్టీ తెంపాడు. "మా అత్తలు వచ్చారా?"

వచ్చారు, అన్నాడు వెండెల్. విలి అంత మాట అని, ఏమీ అననట్టే మోకాళ్ళ పట్టీలు బిగించుకుంటున్నాడు. అక్కడ ఎవడో ఒకడు ఉండాలి. కార్లా అడిగింది అదే కదా. ఇన్నేళ్ళూ తను గొంతు కోసం వెతుకుతున్నాడు, కూరగాయల బుట్టలో వెతికినట్టు, ఇదా, ఇదా అని. వాళ్ళ కాళ్ళు చూశావా? చూళ్ళేదు. గురువారం కూడా కోచ్ మొహం చూశాడు. ఎనిమిది నిమిషాలు. అప్పుడు, బూటు లేసు రెండో ముడి వేస్తుండగా, వేళ్ళు ఆగిపోయాయి. ఎమ్మెట్ టెరెల్నే చేశాడు. వారమంతా. అంటే లూయివిల్ ముందు వరస నలుగురూ వారమంతా టెరెల్ లెక్క మీదే దూకడం నేర్చుకున్నారు. టెరెల్ మొదటి హట్ కొట్టినట్టు అంటాడు, వెంటనే, గుండె ఒక్కసారి కొట్టుకునేంతలో, రెండోది సాగదీస్తాడు. ఆ ఎడం వాళ్ళ ఒంట్లోకి ఇంకిపోయి ఉంటుంది. ఆ ఎడంలో టెరెల్ లేకపోతే? ఇంట్లో ఎవరూ లేరని ధీమాగా దూరే దొంగకి గదిలో మనిషి కనపడితే? వెతికితే దొరకలేదుట. దొరక్కపోవడం కూడా ఒక్కోసారి పనికొస్తుందన్నమాట. లేసు బిగించాడు. తనవాళ్ళు దూకితే మాత్రం? మూడోవాడు వస్తాడు, మధ్యాహ్నం పోతుంది, తొమ్మిదేళ్ళకి దక్కింది ఒక్క మాట, అదీ తప్పు మాట. పోతే పోనీ అనుకోలేకపోయాడు. అంత పెద్ద మనసు తనకి లేదు. పోకూడదు, దేవుడా, పోకూడదు.

సొరంగం చల్లగా ఉంది. పేరు పిలిచారు, పరుగెత్తాడు, మంచు మొహాన కొట్టింది, టెరెల్‌కి వచ్చే చప్పట్లలో సగం వచ్చాయి, మర్యాదకి. లూయివిల్ వాళ్ళు బంతి తన్నారు, మనవాడొకడు పట్టి ఇరవై ఆరో గజం దాకా తెచ్చాడు. గీత దగ్గర ఆగాలనిపించింది. తొమ్మిదేళ్ళ అలవాటు, కాళ్ళు తెల్ల గీత దగ్గర వాటంతటవే ఆగాయి. ఎవరో వెనక నుంచి తోశారు. మధ్యలో పదిమంది గుండ్రంగా మూగారు, ఆవిర్లు, కళ్ళు. హెల్మెట్ లోపల చెవి దగ్గర కోచ్ గొంతు గరగరలాడుతూ ఆట పేరు చెప్పింది, కుడివైపు పరుగు, టెరెల్‌లా, వెండెల్, టెరెల్‌లా. బంతి కదలాల్సిన గడువు ఇంకా పదిహేను సెకన్లు ఉందనగా ఆ గొంతు తెగిపోతుంది, నియమం అది. తెగిపోయింది. హెల్మెట్‌లో అంత నిశ్శబ్దం ఉంటుందని ఇన్నేళ్ళూ గమనించనే లేదు.

"కుడివైపు పరుగు" అన్నాడు. "రెండు మీద." పదిమందీ సరేనని చేతులు చరచబోయారు. "ఆగండి. టెరెల్ రెండు కాదు. నా రెండు."

ఎడమ పక్కవాడు, గురువారం మొహం బోర్లా పడ్డవాడు, "అదెప్పుడొస్తుందిరా బాబూ?" అన్నాడు, గొంతులో భయం.

"వచ్చినప్పుడు వస్తుంది. ముందే ఊహించకు. విను."

విలి ముందు చరిచాడు. తర్వాత అందరూ చరిచారు.

బంతి గీత దగ్గరికి వచ్చారు. సొంతూరు కాబట్టి డెబ్బై వేలమందీ నోళ్ళు మూసుకున్నారు, తమవాడి పిలుపు తమవాళ్ళకి వినపడాలని. ఇన్నేళ్ళూ ఆ నిశ్శబ్దంలో తనూ ఒక వంతు. ఇవాళ అది మొత్తం తన మీదికే వచ్చి నిలబడింది. ఎక్కడో పైన ఒక చంటిబిడ్డ ఏడుస్తోంది. ఎదురుగా నలుగురు, వేళ్ళు నేలకి గుచ్చి, పిర్రలు లేపి, తొంభై నాలుగో నంబరు వాడి కళ్ళు మెరుస్తున్నాయి, వాడి చెవిలో వారం నుంచి ఎమ్మెట్ అంటున్న టెరెల్ ఉన్నాడు. వెండెల్ వాడి మొహం చూడలేదు. కాళ్ళు చూశాడు, తనవాళ్ళవి. కుడి చివర కాలు ఆనింది. దాని పక్కది. విలి రెండు కాళ్ళూ గుంజల్లా ఉన్నాయి. ఎడమవాడి మడమ ఇంకా వణుకుతోంది, మంచులో సర్దుకుంటోంది, ఆనలేదు, ఆనలేదు. గడియారం ఏడు, ఆరు. ఎవడో గీత బయటి నుంచి అరుస్తున్నాడు, కోచే అయి ఉంటాడు. ఆనలేదు. మిసెస్ యాంకే, తొందరేం లేదమ్మా, నిదానంగా. ఆనింది.

"హట్" అన్నాడు.

అది పెద్ద గొంతేం కాదు. కొంచెం పొడిగా, కొంచెం కింది స్థాయిలో, పొలం గట్టు మీద అవతలివాణ్ణి పిలిచినట్టు ఉంది. అంటూనే తనే విని ఆశ్చర్యపోయాడు, ఇంతేనా, ఇంత మామూలుగానా అని. ఆ తర్వాత గుండె ఒక్కసారి కొట్టుకునేంత ఎడం వచ్చింది. టెరెల్ ఉండాల్సిన చోటు అది. వెండెల్ అక్కడ ఏమీ పెట్టలేదు. అయిదు జతల కాళ్ళ వైపు చూస్తూ ఊరికే నిలబడ్డాడు. ఎడమ మడమ కదల్లేదు. ఏ మడమా కదల్లేదు. తొంభై నాలుగో నంబరువాడు మాత్రం నోరు తెరుచుకుని గాల్లోకి లేచి, వాడి వెనకే ఇంకొకడు, ఇద్దరూ బంతి గీత దాటొచ్చి విలి మీద గోడ కూలినట్టు పడ్డారు. ఈల. పసుపు జెండా గాల్లో తిరిగి మంచు మీద పడింది. చారల చొక్కా రిఫరీ నడుము మీద చెయ్యి వేసుకుని లూయివిల్ వైపు వేలు చూపించి, వాళ్ళదే తప్పు, అయిదు గజాలు ముందుకి అన్నాడు. రెండో హట్ అననే లేదు వెండెల్. అవసరం పడలేదు. జనం అప్పుడు అరిచారు, పైన ఎక్కడో రెండు గొంతులు అందరికన్నా మించి, "టికెట్ల బాబూ! టికెట్ల బాబూ!" అని. అవతలి గీత బయట, పలక చంకలో పెట్టుకుని, ఎమ్మెట్ సాలజార్ ఒక్కడే అరవలేదు, తిట్టలేదు. అతని వైపే తేరిపార చూస్తున్నాడు, చాలాకాలంగా వెతుకుతున్న మనిషి రోడ్డుకి అవతల నడిచి వెళ్తుంటే చూసినట్టు.

అయిదు గజాలు ముందుకి వచ్చి మళ్ళీ నిలబడ్డారు. ఇంకా మూడు గంటల ఆట ఉంది, మంగళవారం కొత్తవాడు రానే వస్తాడు. కోచ్ గొంతు చెవిలో బూతులు తిట్టి, తర్వాత ఆగి, ఆట పేరొకటి చెప్పి, టెరెల్ ఊసెత్తకుండానే తెగిపోయింది. విలి మంచు దులుపుకుని బంతి మీద చెయ్యి వేసి వంగాడు. కాళ్ళ సందులోంచి తలకిందులుగా వెనక్కి చూశాడు.

"ఎవరన్నా అది?" అన్నాడు, పళ్ళన్నీ బయట పెట్టి.

"నేనే" అన్నాడు వెండెల్, అని, వాళ్ళ కాళ్ళు ఆనాయో లేదో చూడసాగాడు.